జల్లెడ పట్టని మట్టి

పరగోడు,
ఆగస్టు 22

అక్కకు తమ్ముడు పురుషోత్తం నమస్కారాలు.

ఇక్కడ మేమందరం బాగున్నాం, నా కుడి మణికట్టు తప్ప. టీవీఎస్ బండి మీద నుంచి మర్యాదగా, ఎవరికీ ఇబ్బంది కలగకుండా పడ్డాను. అందుకే అక్షరాలు వంకరగా ఉన్నాయి. ఎప్పుడు తిన్నగా ఉన్నాయి కనక అని నువ్వంటావని తెలుసు.

గౌరమ్మ పండక్కి పుట్టింటి పసుపు, కుంకుమ, గాజులు, రవిక గుడ్డ, వాటితో పాటు మర్నాటి చవితికి నీ వినాయకుడి కోసం మన చెరువు మట్టి పంపుతున్నాను. బాగేపల్లిలో చింతామణి బస్సు కండక్టరు చేతికిచ్చాను. మూట ఎత్తి చూసి, "ఏముండాదప్పా ఇందులో, ఇంత బరువు?" అన్నాడు. "మా యక్క పుట్టిల్లు" అన్నాను. "అట్లయితే ఫుల్ టికెట్ తీసుకో" అన్నాడు. తీసుకున్నాను.

ఈసారి మట్టిని జల్లెడ పట్టలేదు. ఏటా ఆ పని చేసేది నీ మరదలు అంజనమ్మ. ఆమె టమోటా కోతల్లో ఉంది, నా చెయ్యి ఇట్లా ఉంది. గడ్డలు గడ్డలుగానే మూట కట్టాను, నువ్వే దంచుకో. ఇంకో సంగతి, ఈ ఏడు మన చెరువు కట్ట దాకా నిండింది. అయినా నీకోసం మునిగి అడుగు నుంచి తోడుకొచ్చాను. రెండు చేపలు అడ్డం వచ్చాయి గానీ నీ పేరు చెప్పగానే తప్పుకున్నాయి. నువ్వు పాఠాలు చెప్పిన హైస్కూల్లో చదివినవేమో.

జాబు తెలుగులోనే రాశాను, గమనించు. బళ్ళో కన్నడం నేర్చిన మనిద్దరి చేతా పొయ్యి బూడిద మీద తెలుగు అక్షరాలు దిద్దించింది అమ్మ. మట్టి మూటలో తెలుగు జాబు లేకపోతే ఆ మట్టి చెల్లదని ఆమె పెట్టిన షరతు నేను ఇప్పటికీ తప్పలేదు. ఫోన్లో ఎంత మాట్లాడుకున్నా దీని సంగతి వేరే. బావను అడిగానని చెప్పు.

నీ తమ్ముడు,
పురుషోత్తం

*

చింతామణి,
సెప్టెంబరు 1

పురుషోత్తంకు అక్క ఆశీస్సులు.

గాజులు సరిపోయాయి. రవిక గుడ్డ రంగు అంజనమ్మ ఎంచిందని చూడగానే తెలిసింది, నువ్వు ఎంచితే ఎర్రదే ఉంటుంది. పండగ జరిగింది. మోకాళ్ళ నొప్పితో ఈసారి నిమజ్జనానికి చెరువు దాకా పోలేదు. మేడ మీద పాత సిమెంటు తొట్టిలో నీళ్ళు నింపి, అందులోనే సాగనంపాం.

ఇక అసలు సంగతి. మూట విప్పితే ఆ మట్టి మన మట్టిలా లేదు. పశువుల కొట్టం వాసన వేసింది. నిండా నల్లటి గింజలు, ఉలవల కన్నా చిన్నవి, రాయి మాదిరి గట్టివి. ఏటా మెత్తగా పిండిలా వచ్చే మట్టి ఇదేనా అనిపించింది. రోట్లో వేసి దంచి దంచి భుజాలు పడిపోయాయి. అంత దంచినా వినాయకుడి బొజ్జ నున్నగా రాలేదు, అమ్మవారు పోసి తగ్గిన మొహంలా ఉండింది. మీ బావ దండం పెట్టుకుంటూనే నవ్వారు.

పండగ రోజు సాయంత్రం మన ఊరి నుంచి శశికళ వచ్చింది. పిన్నమ్మ కూతురు అబద్ధం చెప్పే మనిషి కాదని నీకూ తెలుసు. "నీళ్ళు చెరువు కట్టకు తగులుకోనుండాయి సుజాతక్కా. మీ తమ్ముడు మట్టి యాడ తెచ్చినాడో నాకు తెల్దు గానీ, ఇటికల బట్టీ ట్రాక్టరు వాళ్ళింటి ముందర మట్టి దించతా ఉంటే నేనే చూసినా" అంది.

నేనేమి అనుకోవాలి చెప్పు. ఒక ఏడు నెయ్యి డబ్బాలో మట్టి పెట్టి, మట్టి మూటలో నెయ్యి దాచి పంపిన మనిషివి. అప్పుడు నవ్వాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు. చెరువు నిండిందంటే నాకు సంతోషమే, మట్టి దొరకలేదని ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. బట్టీ మట్టిని చెరువు మట్టి అని చేపల కథ కలిపి పంపావు. అది నాకు బాధగా ఉంది.

వచ్చే ఏడు నుంచి మట్టి పంపొద్దు. ఇక్కడ బజారులో చేసిన వినాయకుళ్ళే దొరుకుతున్నాయి. నేను కొనుక్కుంటాను.

అక్క,
సుజాతమ్మ

*

పరగోడు,
సెప్టెంబరు 7

అక్కా,

నీ జాబు మూడుసార్లు చదివాను. ఫోను చేస్తే ఎత్తడం లేదు. బావ ఎత్తి, "మీ యక్క పూజలో ఉండాది" అంటారు. మధ్యాహ్నం రెండు గంటలకు ఏ దేవుడికి పూజ చేస్తున్నావో నాకు తెలియదు.

చేపల కథ అబద్ధం. మట్టి మాత్రం నిజం. కొన్నేళ్ళ కిందట చెరువు నిండిన పెద్ద వానల ఏడు గుర్తుంది కదా. ఆ ఎండాకాలంలోనే పూడిక తీసి అందరూ పొలాలకు తోలుకున్నారు. మబ్బులు చూసి నాకు ఒక భయం పట్టుకుంది, చెరువు నిండితే అక్కకు మట్టి ఎట్లా అని. ఊరంతా వాన కోసం దండాలు పెడుతుంటే, నేనొక్కడినే వాన రెండు రోజులు ఆగితే బాగుండునని ట్రాక్టరు వెంట పరిగెత్తాను. చెరువు నడి గుంతలోంచి తోలించి కొట్టం మూలన కుప్ప పోసి, రేకులు కప్పాను. అప్పటి నుంచి నీకు పంపేది ఆ కుప్ప మట్టే. అంజనమ్మ జల్లెడ పట్టి, ఎండలో పోసి పంపేది కాబట్టి వాసన తెలియలేదు. గింజలు కూడా ఏటా ఉండేవే, జల్లెడలో మిగిలితే కోళ్ళకు వేసేది. కోళ్ళు కూడా వాటిని ముట్టేవి కావట.

ఇటుకల బట్టీ ట్రాక్టరు దించిన మట్టి మా ప్రహరీ గోడకు.

ఇదంతా ముందే రాయకూడదా అంటావు. మట్టి కోసం కొట్టంలో చోటు పోయిందని అంజనమ్మ ఇప్పటికీ దెప్పుతుంది, ఊర్లో వాళ్ళు నవ్వారు. నువ్వూ నవ్వుతావేమోనని చేపలతో సరిపెట్టాను. నేను ఆటకు చెప్పినవన్నీ నమ్ముతారు, నిజం చెబితే ఎవరూ నమ్మరు.

అమ్మ పోయేముందు నాకు పొలం అప్పజెప్పలేదు, అది నాన్న ముందే రాసేశాడు. "సుజాతకు మట్టి పంపడం మానొద్దురా" అని మాత్రం అప్పజెప్పింది. నువ్వు వద్దంటే ఆ మాట ఏమి చేయాలి నేను?

పురుషోత్తం

*

చింతామణి,
సెప్టెంబరు 14

పురుషోత్తంకు,

జాబు అందింది. కథ బాగుంది, చేపల కథ కన్నా బాగుంది. అందుకే నమ్మబుద్ధి కావడం లేదు.

ఇక్కడ విశేషాలు లేవు. నిమజ్జనం చేసిన తొట్టి అట్లాగే ఉంది. ఆ నీళ్ళు తులసికీ కరివేపాకుకూ పోద్దామనుకున్నాను, మనసు రాలేదు. మీ బావ నిన్న మేడెక్కి చూసి, "తొట్టిలో పాచి దారాలు దారాలుగా పట్టిండాది, పారపోసేస్తా" అన్నారు. మీ ఇష్టం అన్నాను. ఆయన నడుము పట్టేసి కిందికొచ్చి పడుకున్నారు.

మణికట్టుకు కట్టు విప్పారా?

సుజాతమ్మ

*

పరగోడు,
సెప్టెంబరు 21

అక్కా,

కట్టు విప్పారు. అడిగావు కదా, అది చాలు.

నేను నా నిజాయితీని రుజువు చేసుకోవడానికి చాలా తిప్పలు పడ్డాను. ట్రాక్టరు తోలిన మునియప్పను పట్టుకుని, "ఆ మట్టి చెరువుదే అని మా యక్కకు ఫోన్లో చెప్పప్పా" అన్నాను. "నీ మాట మీద నేను సాక్ష్యం చెప్తే రేపట్నుంచి నన్నూ ఎవురూ నమ్మరు" అన్నాడు. కుప్ప ఫోటో తీసి బావకు పంపాను. చూశారో లేదో. చూసినా మట్టి కుప్ప మట్టి కుప్పలాగే ఉంటుంది, ఏ చెరువుదో దాని మొహాన రాసి ఉండదు.

అంజనమ్మ మాత్రం నా పక్షం. "మీ యక్క రానీలే, ఆ కుప్ప మీదనే కూర్చోబెట్టి కాఫీ ఇస్తా" అంటోంది.

దసరాకు వస్తావా?

పురుషోత్తం

*

చింతామణి,
అక్టోబరు 26

తమ్ముడికి,

దసరాకు రాలేదని, జాబు కూడా రాయలేదని కోపంగా ఉంటావు. రాయకపోవడానికి కారణం ఉంది. నాకు పూర్తిగా నమ్మకం కుదిరేదాకా రాయకూడదనుకున్నాను. ఇప్పుడు కుదిరింది. కూర్చుని చదువు.

ఆ తొట్టిలో మీ బావ పాచి అన్నది పాచి కాదు. నడుము నొప్పి ఆయన్ను ఆపింది గానీ లేకపోతే ఈ జాబు ఉండేది కాదు. నేను వడియాలు ఎండబెట్టడానికి మేడెక్కి తొట్టిలోకి చూశాను. బురదలోంచి పచ్చని దారాలు నిలబడి ఉన్నాయి. గడ్డి అనుకున్నాను. వారం పోయాక చూస్తే వాటి పక్కనే చిన్న గరిటె ఆకారంలో ఆకులు, ఒక్కో కాడకు ఒక్కొక్కటి. గడ్డికి గరిటెలు రావు. అప్పటి నుంచి మోకాలి నొప్పి మరిచిపోయి రోజూ మేడెక్కాను.

తర్వాత వచ్చిన ఆకులు కొనలో చీలి రెండయ్యాయి. ఇదేమి మొక్కరా దేవుడా, దీనికి తాను ఏమి కావాలో ఇంకా తేలలేదే అనుకున్నాను. కొత్త కాడలు బురదలోంచి చేతికర్ర పిడిలా చుట్టుకుని వచ్చి, మెల్లగా విప్పుకుంటున్నాయి. అది చూడగానే తొట్టి మీదికి వంగిపోయాను. అట్లా చుట్ట విప్పుకుంటూ వచ్చేవి ఫెర్న్ జాతివని ఎన్ని తరగతులకు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పి ఉంటాను నేను.

దసరా వెళ్ళిన కొన్నాళ్ళకు ఒక కాడ విప్పుకుంది. చివర నాలుగు ఆకులు, కూడిక గుర్తులాగా.

పురుషోత్తం, అది నాలుగాకు. అమ్మ చెరువు అంచున వంగి కోసుకొచ్చి పప్పులో మెత్తగా ఎనిపి, రాగి ముద్దలోకి పెట్టేదే, అది. పొద్దుగూకితే నాలుగు ఆకులూ పైకి ముడుచుకుని దండం పెట్టినట్టు నిద్రపోతుంది కదా, "నిద్రపోయేదాన్ని నేను తినను" అని నువ్వు రాత్రిపూట కంచం తోసేసేవాడివి. నేను ఆ సాయంత్రం తొట్టి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. వెలుగు తగ్గింది. నాలుగు ఆకులూ ముడుచుకున్నాయి. నాకు ఏడుపొచ్చింది. మీ బావ వచ్చి, "ఏమయింది, మోకాలా?" అన్నారు. అవునన్నాను.

మన చెరువు ఎండి, జాలి ముళ్ళకంప మొలిచాక ఆ ఆకును నేను మళ్ళీ చూడలేదు. ఈ తొట్టిలోకి అది వేరే దారిన రాలేదు. కుళాయి నీళ్ళల్లో రాలేదు, గాలికి రాలేదు. నువ్వు పంపిన మట్టిలోనే వచ్చింది. ఇటుకల బట్టీ మట్టిలో నాలుగాకు ఉండదు.

ఆ గింజల్లో కొన్ని నా రోటి పక్కన గోడ వారకు రాలి ఉన్నాయి. ఒకదాన్ని గోళ్ళు తీసే కత్తెరతో కొంచెం చిదిపి గాజు గ్లాసులో నీళ్ళలో వేశాను. కాఫీ తాగేలోపు అందులోంచి తెల్లటి జిగురు తీగ ఒకటి మెలికలు తిరుగుతూ బయటికొచ్చింది, దానికి ఇరువైపులా చిన్న చిన్న సంచులు. అది గింజ కానే కాదు. దీనికి పువ్వే పూయదు, ఇక గింజ ఎక్కడిది? ఆకు కాడ మొదట్లో పుట్టే గట్టి పెట్టె అది. చెరువు ఎండిపోతుందని తెలిసి, లోపల పిల్లల్ని పెట్టుకుని మూత బిగించేసుకుంటుంది. ఎన్ని ఏళ్ళయినా అట్లాగే ఉంటుంది. ఏటా మీ జల్లెడలో మిగిలిపోయినవి ఇవే. ఈ ఏడు నీ చెయ్యి విరక్కపోయి ఉంటే ఇవి నాదాకా వచ్చేవి కావు.

పాఠంలో దీని పేరు మార్సీలియా. బళ్ళో ఆ బొమ్మ గీసిన ప్రతిసారీ ఎక్కడో చూశాననిపించేది. అమ్మ కంచంలో పెట్టిందే అది అని ఒక్కసారీ తట్టలేదు. నన్ను చూస్తే నాకే నవ్వొస్తోంది.

నిన్ను నమ్మకుండా అంత మాట రాసినందుకు సిగ్గుపడుతున్నాను. వానను రెండు రోజులు ఆగమని మొక్కిన తమ్ముడు ఎవరికి ఉంటాడు? అంజనమ్మకు చెప్పు, ఆ కుప్ప మీద కూర్చుని కాఫీ తాగడానికి నేను వస్తాను.

అక్క

*

పరగోడు,
నవంబరు 23

అక్కకు,

నీ జాబు కొట్టంలో నిలబడి చదివాను. మొదట గట్టిగా నవ్వాను. తర్వాత కుప్ప మీద కూర్చుని కాసేపు ఏడ్చాను. ఎద్దు తప్ప ఎవరూ చూడలేదు, అది ఎవరికీ చెప్పదు.

మునియప్పకు నీ జాబు చదివి వినిపించాను. "అయితే ఈసారికి నిజమేనన్నమాట" అని ఒప్పుకున్నాడు. ఊర్లో ఇప్పుడు నా పరపతి పెరిగింది. నిన్న టమోటా ధర ఎంత అని ఒకాయన నన్నే అడిగి, నేను చెప్పింది నమ్మాడు కూడా. నాకే భయమేసింది.

అయితే ఒక కష్టం. నీకే మొలిస్తే ఎట్లా అని, నేనూ గింజలు ఏరి బక్కెట్లో నీళ్ళు పోసి పెట్టాను. నెల కావస్తోంది. ఒక్క దారం లేదు. అంజనమ్మ రోజూ పొద్దున బక్కెట్లోకి తొంగి చూసి, "మీ యక్కకైతే మొలస్తాది, నీకెందుకు మొలస్తాది" అంటోంది. చెరువు అంచంతా తిరిగాను, అక్కడా ఒక్క ఆకు లేదు, కట్ట దాకా లోతు నీళ్ళే. బక్కెట్లో ఏమి తప్పు చేశానో చెప్పు.

ఇంకొకటి అడగాలా వద్దా అని ఇన్నాళ్ళూ ఆలోచించాను. నువ్వు అంత పెద్ద జాబు రాశావు, అంతా రాశావు, వచ్చే ఏడు మట్టి పంపాలా వద్దా అన్నది రాయలేదు. నీ తొట్టి నిండా ఇప్పుడు మన చెరువు మట్టే ఉంది. ఆ మట్టితోనే ఏటా వినాయకుణ్ణి చేసుకుని, మళ్ళీ ఆ తొట్టిలోనే కలుపుకోవచ్చు. నాతో పని లేదు. నేను నిజం చెప్పానని తేలడం సంతోషమే. కానీ ఆ రుజువు వల్లే నా పని పోయేట్టుంది. ఆ మాట తలచుకుంటే నాకు అన్నం సరిగ్గా సయించడం లేదు. అంజనమ్మను అడుగు కావాలంటే.

నీ తమ్ముడు,
పురుషోత్తం

*

చింతామణి,
డిసెంబరు 14

పురుషోత్తంకు అక్క ఆశీస్సులు.

అంజనమ్మను అడిగాను. రాత్రి మూడు ముద్దలు తిన్నావట.

ముందు బక్కెట్టు సంగతి. గింజల్ని మర్యాదగా నీళ్ళల్లో వేస్తే అవి లెక్కచేయవు. ఆ పెట్టె మూత అంత గట్టిది. నేను నీ మీద కోపంతో రోట్లో వేసి దంచాను కదా, అందుకే నాకు మొలిచాయి. ఒక్కొక్కదాన్ని పటకారుతో కొంచెం చిట్లించు, నలిపెయ్యొద్దు. నీకు కోపం తెచ్చుకోవడం చేతకాకపోతే అంజనమ్మ చేతికివ్వు.

ఇప్పుడు తొట్టి చూస్తే నీకు నోట మాట రాదు. నీళ్ళు తగ్గి బురద తేలింది. తీగ బురద మీద పాకుతూ పోతోంది, పాకిన ప్రతి కణుపు దగ్గరా కిందికి వేళ్ళు, పైకి ఒక ఆకు కాడ. ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియదు, తొట్టి మీద పచ్చని చాప పరిచినట్టుంది. నీళ్ళు పోస్తే ఆకులు తేలుతూ పరుచుకుంటాయి, ఇంకితే గొడుగుల్లా లేచి నిలబడతాయి. ఇంత చిన్న మొక్కకు ఇన్ని విద్యలు. మీ బావ పొద్దున పేపరు కూడా మేడ మీదే చదువుతున్నారు. పాచి అన్న మాట గుర్తు చేస్తే, "నేను అనలేదు" అంటారు.

ఆదివారం గుప్పెడు ఆకు కోశాను. కోస్తే దానికేమీ కాదు, మర్నాటికి కొత్త చుట్టలు లేస్తాయి. కందిపప్పులో వేసి, వెల్లుల్లి నలిపి, అమ్మలాగే ఎనిపి ముద్దలోకి పెట్టాను. మీ బావ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఏం సుజాతా, గడ్డి మాదిరి ఉండాది" అన్నారు. నాకు చెరువు అంచు బురద చల్లదనం కాళ్ళకు తెలిసింది. నువ్వు కంచం తోసిన చప్పుడు వినిపించింది. ఆయన ముద్ద కూడా నేనే తిన్నాను. సంక్రాంతి దాటాక ఎండలు ముదిరి మన చెరువులో నీళ్ళు వెనక్కి జరుగుతాయి కదా, అప్పుడు సగం చాప కోసి గంపలో పెట్టుకుని వస్తాను. దాని ఇంట్లో దాన్ని నాటుదాం. బస్సులో దానికి ఫుల్ టికెట్ నేనే తీసుకుంటాను.

ఇక నువ్వడిగింది. నీ మాట నిజమే అనుకుని, వచ్చే ఏటి వినాయకుడికి ఈ తొట్టి మట్టే చాలునేమో అని నేనూ చూశాను. చేత్తో ఒక ముద్ద తీయబోయాను. రాలేదు. చాపంతా లేచి వచ్చింది, మట్టిని ఒక్క పిడికెడు కూడా వదలలేదు. వేళ్ళన్నీ పట్టుకుని ఉన్నాయి. విడదీయాలంటే అన్నిటినీ తెంపాలి. అది నా వల్ల కాదు. మెల్లగా వెనక్కి పరిచి నీళ్ళు పోశాను.

కాబట్టి నా దగ్గర మట్టి లేదు. అంతా నాలుగాకుదే. వచ్చే గౌరమ్మ పండక్కి ఎప్పటిలాగే కుప్పలోంచి పంపు, తెలుగు జాబు పెట్టి పంపు. అబద్ధాలు రాయాలనిపిస్తే రాసుకో, చేపలు ఎన్ని అడ్డం వచ్చాయో కూడా రాయి.

మట్టి మాత్రం జల్లెడ పట్టొద్దు.

నీ అక్క,
సుజాత